మనసు కుదుటపడేందుకు యాప్ వేసుకునే ముందు జాగ్రత్తలు

ముందుగా అనుమతులు చూడండి. ఊపిరి వ్యాయామం నేర్పే యాప్‌కు మీ కాంటాక్టులు, మెసేజీలు ఎందుకు? అవి ఇవ్వాల్సిందేనని అడిగితే ఆ యాప్‌ను తీసేయండి. అప్పుల యాప్‌లు జనాన్ని వేధించింది ఆ కాంటాక్టులతోనే.

ఉచితమన్నా ఆటోపే (ఖాతాలోంచి డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) ఉందేమో చూసుకోండి. ఇంటిల్లిపాదీ వాడే ఫోనైతే యాప్‌లో మీరు రాసుకున్నవాటికి పిన్ పెట్టండి.

కొన్ని యాప్‌లలో ఉండే పీహెచ్‌క్యూ-9 అంటే డిప్రెషన్ లక్షణాలు చూసే ప్రశ్నల పట్టిక. అందులోని 9 ప్రశ్నలు గత 2 వారాల గురించే. మొత్తం స్కోరు 10 లేదా అంతకు మించితే డాక్టరును కలవాలి, అంతేగాని జబ్బు తేలిపోయినట్టు కాదు. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్యుల కోసం అడగండి. యాప్ బాగుందని మాత్రలు మానకండి.

రాత్రి నోటిఫికేషన్లు ఆపండి. ప్రశాంతతకని పెట్టుకున్నదే నిద్ర చెడగొడితే ఎలా?

బతకాలని లేదనిపిస్తే యాప్ తెరవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనే చెప్పుకోవచ్చు.