ఇంగ్లీషు భాషాభాగాలు: తెలుగువారికి దొర్లే తప్పులు, వాటి దిద్దుబాటు

సమస్య: 'షీ లుక్స్ బ్యూటిఫుల్లీ', 'ద సూప్ టేస్ట్స్ నైస్లీ' అని రాస్తున్నారు. విశేషణం ఉండవలసిన చోట క్రియావిశేషణం వచ్చి చేరుతోంది.

కారణం: ఇది అజాగ్రత్త కాదు, మాతృభాష అలవాటు. 'ఆమె అందంగా పాడింది', 'ఆమె అందంగా కనిపిస్తోంది' అనే రెండు వాక్యాల్లోనూ మనకు 'గా' ప్రత్యయమే వస్తుంది. ఇంగ్లీషులో మాత్రం మొదటిది పాడిన తీరును తెలుపుతుంది కాబట్టి 'బ్యూటిఫుల్లీ' అవుతుంది. రెండోది ఆమెనే వర్ణిస్తుంది కాబట్టి 'బ్యూటిఫుల్' గానే ఉంటుంది. పైగా ఇంగ్లీషు బడి వ్యాకరణం ఎనిమిది భాషాభాగాలను చెబుతుండగా, మన బడి వ్యాకరణం అయిదింటితో సరిపెట్టి క్రియావిశేషణాన్ని అవ్యయంలోనే కలిపివేస్తుంది కనుక, ఈ తేడాను పట్టి చూసే అలవాటు మనకు చిన్ననాట ఏర్పడదు.

పరిష్కారం: క్రియ ఉన్న చోట 'ఈజ్' పెట్టి చదవండి. 'ద సూప్ ఈజ్ నైస్' అన్నప్పుడు భావం నిలిచింది, కాబట్టి విశేషణమే సరైనది. 'హీ టేస్టెడ్ ద సూప్ కేర్‌ఫుల్లీ' అనే వాక్యంలో ఈ మార్పు కుదరదు, ఎందుకంటే అక్కడ 'టేస్ట్' ఆయన చేసిన పని. ఒకే క్రియ రెండు విధాలుగానూ నడుస్తుంది కనుక, జాబితాలు బట్టీ పట్టడం కన్నా ఈ పరీక్షే నమ్మదగినదని నా అభిప్రాయం.

సమస్య: 'ఐ వర్క్ హార్డ్‌లీ' అని రాయడం. కష్టపడతానని చెప్పబోయి, దాదాపు పనే చేయనని చెప్పినట్లవుతుంది; ఉద్యోగ దరఖాస్తులో ఇది నిజంగా నష్టం చేస్తుంది. చివర 'లీ' ఉన్నదల్లా క్రియావిశేషణమని, అది లేనిది కాదని అనుకోవడమే దీనికి కారణం. 'హార్డ్', 'ఫాస్ట్' మార్పు లేకుండానే రెండు పనులూ చేస్తాయి. 'ఫ్రెండ్లీ', 'లవ్లీ' మాత్రం విశేషణాలు. వాటిని క్రియకు అన్వయించాలంటే 'ఇన్ ఎ ఫ్రెండ్లీ వే' అని రాయాలి.

సమస్య: 'వీ డిస్కస్‌డ్ అబౌట్ ద ప్రాబ్లమ్', 'వీ రీచ్‌డ్ టు హైదరాబాద్'. మనం సమస్య 'గురించి' చర్చిస్తాం, హైదరాబాదు'కు' చేరుకుంటాం. ఆ మాటలే ప్రిపోజిషన్లుగా మారి వచ్చి కూర్చుంటున్నాయి. 'డిస్కస్', 'రీచ్' అనే క్రియలు కర్మను నేరుగా తీసుకుంటాయి కాబట్టి 'అబౌట్', 'టు' తీసివేయండి. అదే 'డిస్కషన్' అనే నామవాచకమైతే 'ఎ డిస్కషన్ అబౌట్ ద ప్రాబ్లమ్' అన్నది సరైన ప్రయోగమే.