లోడ్ ఎక్కగానే బండి మారిపోతోందా? పెద్ద టూరింగ్ బైక్, బాక్సులు: సమస్య - పరిష్కారం

సంక్రాంతికి సోంపేటలో మా అత్తవారింటికి వెళ్లి విజయనగరం తిరిగొస్తున్నాం. బయల్దేరే ముందు మా అత్తయ్య 20 వలిచిన కొబ్బరికాయలు, ఒక డబ్బా జీడిపప్పు కట్టిచ్చారు. సైడ్ బాక్సులు అప్పటికే బట్టలతో నిండిపోయాయి. అందుకని అవన్నీ టాప్ బాక్సులో పెట్టేశాను. టెక్కలి దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. స్పీడు 80 దగ్గరకు వచ్చేసరికి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ ఊగడం మొదలైంది. గట్టిగా పట్టుకుంటే ఇంకా ఎక్కువైంది. గుండె ఆగినంత పనైంది. యాక్సిలరేటర్ నెమ్మదిగా వదిలి, బ్రేకు ముట్టుకోకుండా 60కి వచ్చాక గానీ సర్దుకోలేదు.

వెళ్లేటప్పుడు అదే బండి, అదే రోడ్డు. ఏ ఊపూ లేదు. మారిందల్లా బరువు, అది ఉన్న చోటు. 650 సీసీ, 1000 సీసీ బండ్లకు బాక్సులు బిగించుకున్నవాళ్లు నాతో చెప్పిన సమస్యల్లో ఎక్కువ భాగం చివరికి అక్కడే తేలాయి.

80 దాటితే హ్యాండిల్ ఊగుతోంది

టాప్ బాక్సు వెనక చక్రం ఇరుసుకన్నా వెనక్కి, పైగా ఎత్తులో ఉంటుంది. అక్కడ పెట్టిన ప్రతి కిలో వెనక భాగాన్ని కిందికి నొక్కి, ముందు చక్రం మీద బరువు తగ్గిస్తుంది. ముందు టైరుకి రోడ్డు మీద పట్టు తగ్గితే హ్యాండిల్ తేలిపోతుంది. దానికి లారీ పక్కనుంచి వెళ్లినప్పుడు తగిలే గాలి తోడైతే ఊపు మొదలవుతుంది.

మొదట టాప్ బాక్సు ఖాళీ చేసి అదే రోడ్డు మీద అదే స్పీడులో నడిపి చూడండి. ఊపు పోతే తప్పు సర్దడంలో ఉంది. చాలా టాప్ బాక్సుల మూత లోపల స్టిక్కర్ ఉంటుంది: పెద్దవాటికి సాధారణంగా 10 కిలోలు, గరిష్ఠ వేగం 120. నా 20 కొబ్బరికాయలే ఆ 10 కిలోలు తినేశాయి, జీడిపప్పు అదనం. బరువైనవి, అంటే పానాల కిట్టు, నీళ్ల సీసాలు, కొబ్బరికాయలు, సైడ్ బాక్సుల అడుగున, బండికి ఆనుకునే వైపు పెట్టండి. టాప్ బాక్సులో రెయిన్‌కోటు, దుప్పటి లాంటి తేలికవి చాలు. రెండు సైడ్ బాక్సుల బరువు సమానంగా ఉండాలి. కొన్ని బండ్లకు సైలెన్సర్ వైపు బాక్సు లోపల చోటు తక్కువ కాబట్టి చూసి సర్దితే సమానం కాదు. నేను కొక్కెం ఉన్న చిన్న కాటాతో తూస్తాను, కిలోకి మించి తేడా రానివ్వను.

బాక్సు ఖాళీ అయినా ఊపు పోకపోతే, టైర్లలో గాలి, ముందు టైరు అరుగుదల, ఆ తర్వాత హ్యాండిల్ కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, చూపించండి. స్పీడు తగ్గుతూ 60 దగ్గర హ్యాండిల్ వణికితే ముందు అనుమానించాల్సింది కోన్‌సెట్‌నీ, ముందు టైరునీ.

రాత్రి ఎదురొచ్చే ప్రతివాడూ డిప్పర్ కొడుతున్నాడు

ఇది లైటు సమస్య అనుకుని బల్బు మార్చినవాళ్లు ఉన్నారు. అసలు సంగతి, లోడుకి వెనక షాక్ కుంగిపోయి ముందు భాగం పైకి లేచింది. లైటు రోడ్డు మీద కాకుండా ఎదుటివాడి కళ్లలో పడుతోంది. మలుపుల్లో బండి బద్ధకంగా తిరగడం, స్పీడ్ బ్రేకర్ల మీద సెంటర్ స్టాండ్ గీసుకోవడం కూడా దీని గుర్తులే.

దీనికి మందు ప్రీలోడ్, అంటే వెనక షాక్ స్ప్రింగుని ముందే ఎంత నొక్కి బిగించి ఉంచామన్నది. షోరూమ్ నుంచి వచ్చిన సెట్టింగు సాధారణంగా ఒక్క మనిషికి సరిపోయేలా ఉంటుంది. చాలామంది దాన్ని ఎప్పటికీ ముట్టుకోరు. కవాసాకి వెర్సిస్ 650 లాంటి బండ్లకు ప్రీలోడ్ మార్చడానికి చేత్తో తిప్పే గుబ్బ ఉంటుంది, పానా కూడా అక్కర్లేదు. ఎంత తిప్పాలో తెలియాలంటే కొలవాల్సిందే. ఒక ఆదివారం పొద్దున్న గేటు ముందు అరగంట చాలు.

సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాల్లో ఉండగా, ఇరుసు నుంచి తిన్నగా పైకి సీటు కింద ఒక గుర్తు దాకా టేపుతో కొలవండి. గుర్తుకి చిన్న ప్లాస్టర్ ముక్క అంటిస్తే చాలు. తర్వాత బండి దింపి, బాక్సులు నింపి, ఇద్దరూ ఎక్కి కూర్చోండి. ఇంకో ఇద్దరి సాయం కావాలి: ఒకరు బండిని నిలబెట్టి పట్టుకోవాలి, మరొకరు మళ్లీ అదే కొలత తీయాలి. రెండిటి తేడా, వెనక చక్రం పైకీ కిందికీ కదలగలిగే మొత్తం దూరంలో మూడో వంతు దగ్గర ఉండాలి. వెనక చక్రం 145 మిల్లీమీటర్లు కదిలే బండికి 45 నుంచి 50 మధ్య వస్తే బాగుంది. మాకు మొదటిసారి 70 వచ్చింది. గుబ్బ బిగిస్తూ మూడుసార్లు కొలిచాక 48కి దిగింది. ఆ రాత్రి నాతవలస దాకా వెళ్లి వస్తే ఒక్కడూ డిప్పర్ కొట్టలేదు. ప్రీలోడ్ సరిచేశాకే లైటు ఎత్తు చూడండి, అంతకుముందు లైటు తిప్పొద్దు.

గాలి విషయం ఇక్కడే చెప్పాలి. లోడుతో వెళ్లేటప్పుడు బండి మీది స్టిక్కర్ చెప్పిన గాలి, టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. మే నెల ఎండలో హైవే మీద వస్తూ పంపు దగ్గర ఆగితే మీటరు ఎక్కువ చూపిస్తుంది. "తగ్గించేయమంటారా బాబూ?" అని అడుగుతారు. వద్దనండి. టైరు చల్లారాక ఆ గాలి తక్కువైపోతుంది.

ఎంత బిగించినా షాక్ అడుక్కి తగులుతోంది

అప్పుడు బండి మోయగలిగినదానికన్నా ఎక్కువ మోస్తోంది. ఇంత పెద్ద బండికి బరువు ఒక లెక్కా అనుకుంటాం. నిజానికి మాన్యువల్‌లో గరిష్ఠ లోడ్ రాసి ఉంటుంది, అందులో నడిపేవాడు, వెనక కూర్చున్నవాళ్లు, సామాను, బిగించిన సరంజామా అన్నీ కలిసే ఉంటాయి. మా లెక్క ఇది: నేను 78, మా ఆవిడ 60, హెల్మెట్లు, జాకెట్లు, బూట్లు 12, బాక్సులు బిగించే చట్రం, అంటే రాక్‌తో కలిపి మూడు ఖాళీ బాక్సులు 20. ఒక్క బట్ట పెట్టకముందే 170. బండి పరిమితి 180 అయితే మిగిలింది 10 కిలోలే.

దీనికి పానాతో పరిష్కారం లేదు. ఇనుప రాక్, అల్యూమినియం బాక్సుల బదులు బట్ట బ్యాగులు వాడితే కొంత బరువు దిగుతుంది. లేదంటే సామాను బస్సులో పంపండి.

బండి వచ్చింది, బాక్సులు పట్టడం లేదు

కొనేముందే ఆలోచించాల్సిన సంగతి ఇది. మన ఉత్తరాంధ్రలో ఇంత పెద్ద బండి చూడాలంటే చాలావరకు విశాఖ వెళ్లాలి. అక్కడికి వెళ్లాక రంగు, సౌండు చూసి మురిసిపోయి, బాక్సుల మాట మర్చిపోతాం. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బండ్లకు జీఎస్టీ 40 శాతం అయింది. దాంతో సెకండ్ హ్యాండ్ వైపు చూసేవాళ్లు పెరిగారు, అక్కడే ఈ చిక్కు ఎక్కువ. రాక్ మోడల్‌కే కాదు, తయారైన సంవత్సరానికీ సరిపోవాలి. పేరు అదే ఉన్నా తోక డిజైన్ మారితే బోల్టు రంధ్రాలు కలవవు. బాక్సులకూ పట్టు వేరువేరుగా ఉంటుంది: గివి అనే బాక్సుల కంపెనీలోనే మోనోకీ రకం బాక్సు మోనోలాక్ రకం ప్లేటు మీద కూర్చోదు. కవాసాకి నింజా 1000ఎస్ఎక్స్‌కైతే కంపెనీ ఇచ్చే 28 లీటర్ల సైడ్ బాక్సులు బయట రాక్ లేకుండానే పట్టుకునేలా తోకలోనే ఏర్పాటు ఉంది. నా మటుకు, అలాంటి ఏర్పాటు ఉన్న బండికి పది వేలు ఎక్కువైనా పెట్టొచ్చు.

రాక్ దొరకలేదని వెల్డింగ్ షాపులో చేయించుకుంటే, బండి మీద ఉంచి మాత్రం వెల్డింగ్ పెట్టనివ్వకండి. ఆ కరెంటు ఈసీయూని, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌ని, కాల్చేయగలదు. ముక్కలు విప్పి పట్టుకెళ్లండి.

టాప్ బాక్సు సైజుకి చట్టం కూడా ఉంది. 2020లో మోటారు వాహనాల నిబంధనల్లో పెట్టిన కొలతలు: పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లకు మించకూడదు. బాక్సు వెనక సీటు మీదకి వస్తే నడిపేవాడు ఒక్కడే వెళ్లాలి.

శారీ గార్డ్‌కి రాక్ తగులుతోంది

విదేశీ వీడియోలు చూసి రాక్ తెప్పించుకున్నవాళ్లకి ఎదురయ్యే సమస్య. అక్కడ శారీ గార్డ్ ఉండదు కాబట్టి ఆ రాక్‌ని దాన్ని లెక్కలోకి తీసుకోకుండానే తయారుచేస్తారు. ఎడమవైపు రెండూ ఒకే బోల్టు దగ్గర పోట్లాడతాయి. మెకానిక్ వెంటనే "గార్డు తీసేద్దాం" అంటాడు. ఒప్పుకోకండి. వెనక చక్రంలో కనీసం సగం కప్పే రక్షణ ఉండాలన్నది నిబంధన, అంతకుమించి చీరకొంగో చున్నీయో చక్రంలో పడితే జరిగేది ఊహించుకోలేం. ఆర్డర్ ఇచ్చే ముందే శారీ గార్డ్‌తో కలిపి పట్టే రాక్ అడగండి. ఇప్పటికే కొనేసి ఉంటే పొడవు బోల్టు, సరైన మందం బుష్ వేసి రాక్‌ని బయటికి జరిపించొచ్చు, కానీ రెండు వైపులా సమానంగా.

గతుకుల్లో వెనక గలగల

రాక్ బోల్టు వదులైంది. తరచూ దీనికి కారణం మొదటి రోజు బిగించిన తీరు. ఒక బోల్టు పూర్తిగా బిగించి రెండోదాన్ని లాగి కూర్చోబెడితే రాక్ ఎప్పుడూ గుంజుతూనే ఉంటుంది, చివరికి వెల్డింగ్ దగ్గర చీలుతుంది. అన్ని బోల్టులూ చేత్తో పట్టించి, రాక్ దానంతట అది కూర్చున్నాకే పానా పెట్టండి. బోల్టు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు, నీలం రంగు థ్రెడ్‌లాకర్, ఒక్కో చుక్క వేయండి. ఎరుపుది వద్దు, విప్పడానికి వేడి పెట్టాలి. బిగించాక బోల్టు తల మీంచి రాక్ మీదకి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీశాను. గీత విరిగిందంటే బోల్టు తిరిగినట్టే. మొదటి 100 కిలోమీటర్లకు సాలూరు దగ్గర టీకి ఆగి చూస్తే కింది ఎడమ బోల్టు గీత జొన్నగింజంత పక్కకి జరిగి ఉంది. అక్కడే బిగించుకుని ఘాట్ ఎక్కాం.

లోడుతో చైన్ కీచుమంటోంది

ఖాళీ బండికి సరిపోయిన చైన్, వెనక భాగం కుంగినప్పుడు బిగుసుకుంటుంది. మాన్యువల్ చెప్పిన వదులులో ఎక్కువ అంకె వైపు ఉంచండి. ఇద్దరూ కూర్చున్నప్పుడు కూడా చైన్ కొంచెం ఆడాలి.

చిన్నవి

బాక్సులోకి వాన నీరు వస్తే మూత చుట్టూ ఉన్న రబ్బరు మీది దుమ్ము తడి గుడ్డతో తుడవండి. అక్టోబర్, నవంబర్ తుపాన్ల రోజుల్లో లోపల ప్లాస్టిక్ సంచి కూడా వాడండి. తాళం బిగుసుకుపోతే నూనె పోయకండి, దుమ్ము ముద్దకడుతుంది. గ్రాఫైట్ పొడి పడితే చాలు. బట్ట బ్యాగు సైలెన్సర్ వైపు జారుతుంటే తాళ్లు బిగించడం తాత్కాలికమే, సపోర్ట్ కడ్డీ వేయించండి.

కళింగపట్నం బీచ్ దగ్గర ఆపితే సైడ్ స్టాండ్ ఇసుకలో దిగిపోతుంది. సుమారు 220 కిలోల బండి, మీద బాక్సులు, ఒకసారి వాలితే ఒక్కరి వల్ల కాదు. చదునైన రాయి గానీ చెక్కముక్క గానీ స్టాండ్ కింద పెట్టండి, మొదటి గేరులో ఉంచి దిగండి. లోడు దించేశాక ప్రీలోడ్ అలాగే వదిలేస్తే బండి నిటారుగా నిలబడి స్టాండ్ లేని వైపుకి పడే ప్రమాదం ఉంది. గుబ్బ వెనక్కి తిప్పాకే ఇంట్లోకి వెళ్లండి.