ల్యాప్‌టాప్ బ్యాటరీ కొలత, ఐదో పాఠం: సగం అంటే దేనిలో సగం?

ల్యాప్‌టాప్ గంటకు ఎంత బ్యాటరీ తాగుతుందో కొలవమని నాలుగో పాఠం చివర నేను రాసిన ఒక్క వాక్యం చాలామంది కొలతలను పాడుచేసింది. ‘తెర వెలుతురు సగానికి పెట్టి రెండు గంటలు పని చేసుకోండి’ అన్నాను. అందరూ బుద్ధిగా సగానికే పెట్టారు. తప్పు నాది. ఈసారి ఫ్యాన్ల గురించీ వేడి గురించీ చెబుదామనుకున్నాను గానీ, ఈ చిక్కు విప్పకుండా ముందుకు వెళితే మీరు పంపే అంకెలన్నీ ఇలాగే ఉంటాయి. కనుక ఫ్యాన్లు ఆగుతాయి.

బొబ్బిలి నుంచి ఒక మాస్టారు పంపిన లెక్క చూడండి. తన ల్యాప్‌టాప్‌నూ తమ్ముడి ల్యాప్‌టాప్‌నూ పక్కపక్కన పెట్టి కొలిచారు. తనది గంటకు 14 శాతం తాగింది, తమ్ముడిది 11 శాతం. కాబట్టి తమ్ముడిదే మెరుగు, తనది మార్చేస్తానంటున్నారు. అదే లేఖలో ఇంకో నాలుగు వాక్యాలు దిగితే, తమ్ముడి తెర మసకగా ఉండి అక్షరాలు ఆనక కళ్లజోడు సర్దుకోవలసి వచ్చిందని ఉంది. జవాబు అక్కడే ఉంది. రాసింది ఆయనే, చూడనిదీ ఆయనే.

మన ఊళ్లలో ధాన్యం కొలిచిన చేతులకు ఇది వేరే చెప్పాలా? కుంచంలో సగం అడ్డ. అడ్డలో సగం మానిక. రెండూ ‘సగమే’, కానీ అడ్డ ఇచ్చి మానిక అందుకుంటే ఎవరూ ఊరుకోరు. తెర వెలుతురును నిట్లలో కొలుస్తారు. చౌక తెర పూర్తి వెలుతురులో 250 నిట్ల దగ్గర ఆగిపోవచ్చు, మంచిది 400 దాటవచ్చు. ఈ రెండింటిలో సగం ఒకటి ఎలా అవుతుంది? పైగా మీటను సగానికి జరిపినంత మాత్రాన తెర సగం వెలుతురుకు వస్తుందన్న హామీ కూడా లేదు. తయారీదారులు ఆ మెట్లను ఎవరికి నచ్చినట్టు వాళ్లు పేర్చుకుంటారు. తేలికపాటి పనిలో తెరదే పెద్ద ఖర్చు. దాన్ని సమానం చేయకుండా రెండు యంత్రాలను పోల్చడమంటే తక్కెడలో ఒక పళ్లెం కింద వేలు పెట్టి తూచడమే.

సమానం చేయడానికి పరికరాలు కొనక్కర్లేదు. నల్ల చార్టు పేపరు తెచ్చి, దాని మధ్యలో పోస్టుకార్డు పట్టేంత కన్నం కోయండి. రాత్రి గదిలో దీపం ఆర్పి, ల్యాప్‌టాప్‌లో ఖాళీ తెల్ల పేజీ తెర నిండా తెరిచి, చార్టును తెరకు ఆనించండి. తెర 14 అంగుళాలదైనా 15.6 అంగుళాలదైనా ఇప్పుడు బయటికి కనిపించేది పోస్టుకార్డంతే. కన్నానికి ఎదురుగా జానెడు దూరంలో ఆండ్రాయిడ్ ఫోనును పుస్తకాలకు ఆనించి నిలబెట్టండి. దాని ముఖం తెర వైపు ఉండాలి, ఎందుకంటే వెలుతురును గుర్తించే కన్ను ముందు కెమెరా పక్కన ఉంటుంది. లక్స్ (ఫోను మీద పడే వెలుతురుకు కొలమానం) కొలిచే యాప్ ఏదైనా సరే. అంకెను పక్కనుంచి తొంగి చూడండి. మొదటి ల్యాప్‌టాప్‌ను మీ కంటికి హాయిగా చదవగలిగే చోట పెట్టి అంకె రాసుకోండి. రెండోదాన్ని అదే అంకె వచ్చేదాకా పెంచండి, లేదా తగ్గించండి. ఫోను చూపే అంకె కచ్చితమేనా అని తల బద్దలు కొట్టుకోవద్దు. రెండు తెరలకూ అదే ఫోను, అదే దూరం, అదే కన్నం అయితే చాలు. గదిలో వెలుతురును బట్టి తెరను దానంతట అదే మార్చే సదుపాయం ఉంటే ముందే ఆపేయండి. తెర 120 హెర్ట్‌జ్‌ది (సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చేది) అయితే మీరు రోజూ వాడే స్థాయిలోనే ఉంచి కొలవండి.

ఇక నాకు ఒళ్లు మండించే శాతం ఇంకొకటి ఉంది. గంటకు 14 శాతం సరే, దేనిలో 14 శాతం?

మాస్టారి దగ్గర బ్యాటరీ నివేదిక, అంటే విండోస్ తానే తీసి ఇచ్చే బ్యాటరీ లెక్కల పత్రం, అడిగి తెప్పించుకున్నాను. (నివేదిక తీసే ఆదేశం మూడో పాఠంలో ఉంది, మళ్లీ రాయను.) ఆయన యంత్రంలో ‘ఫుల్ ఛార్జ్ కెపాసిటీ’ (ఇప్పుడు నిండా ఛార్జ్ చేస్తే పట్టే నిల్వ) 38,000 మిల్లీవాట్ గంటలు. తమ్ముడిది 68,000. ఇప్పుడు చూడండి: 38,000లో 14 శాతం 5,320. 68,000లో 11 శాతం 7,480. అంటే మాస్టారి యంత్రం గంట సేపు 5.3 వాట్లు తాగుతుంటే, మసక తెరతో కూడా తమ్ముడిది 7.5 వాట్లు తాగుతోంది. పొదుపరి మాస్టారి యంత్రమే. దాని కుంచం చిన్నది, అంతే.

మాస్టారు ఓపికమంతులు. చార్టుకు కన్నం కోసి రెండు తెరలనూ సమానం చేసి మళ్లీ కొలిచారు. తమ్ముడిది గంటకు 8,800 మిల్లీవాట్ గంటలకు చేరింది. 68,000ను దానితో భాగిస్తే 7 గంటల 44 నిమిషాలు. ఇంతకుముందు గంటకు 11 శాతం లెక్కన 9 గంటల 5 నిమిషాలని మురిసిపోయింది ఇదే. మాస్టారిది 7 గంటల 9 నిమిషాలు, అందులో మార్పు లేదు. రెండు గంటల తేడా అరగంటకు దిగింది. ఇంకా ఉంది. ఆయన నివేదికలో ‘డిజైన్ కెపాసిటీ’ (కొత్తలో పట్టే నిల్వ) 50,000. బ్యాటరీ అరిగి 38,000కు వచ్చింది. కొత్త బ్యాటరీ వేయిస్తే అదే పనికి 9 గంటల 24 నిమిషాలు రావాలి. ఆయన మార్చవలసింది ల్యాప్‌టాప్ కాదు, బ్యాటరీ.

శాతం ముఖం చూడకుండా కొలవడం ఇలా. ప్లగ్ తీసిన పది నిమిషాలకు ఒక నివేదిక తీయండి. రెండు గంటల తరువాత ఇంకొకటి. ‘రీసెంట్ యూసేజ్’ పట్టికలో చివరి వరుస నివేదిక తీసిన క్షణానిది. దానికి ఎదురుగా మిగిలిన నిల్వ మిల్లీవాట్ గంటల్లో ఉంటుంది. మొదటిది 48,210, రెండోది 32,850 అనుకుందాం. తేడా 15,360. రెండుతో భాగిస్తే 7,680, అంటే 7.7 వాట్లు. ఇదొక్కటే నాకు కావలసిన అంకె. 20–30 శాతం దాకా దిగనివ్వద్దు. ఆ చుట్టుపక్కల బ్యాటరీ సేవర్ దానంతట అదే మొదలై తెరను మసక చేస్తుంది, కొలత అక్కడితో చెడుతుంది. నేనైతే 90కీ 40కీ మధ్యే కొలుస్తాను.

శ్రీకాకుళం అమ్మాయి ఒకరు సినిమా పెట్టి కొలిచి, దుకాణంలో చెప్పినన్ని గంటలూ వచ్చాయని సంతోషపడ్డారు. రావా మరి? వీడియో విప్పడానికి ప్రాసెసర్‌లో విడిగా ఒక భాగం ఉంటుంది, మిగతాది దాదాపు నిద్రపోతుంది. 2020లో ఎం1 చిప్పుతో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌కు ఆపిల్ ఇచ్చిన అంకెలే చూడండి: వీడియోకు 18 గంటలు, వెబ్ చూడడానికి 15. బ్యాటరీ అదే 49.9 వాట్ గంటలు. మొదటిది సుమారు 2.8 వాట్లు, రెండోది 3.3. ఒకే యంత్రానికి, ఒకే సంస్థ లెక్కలో ఇంత తేడా. అమ్మాయీ, నువ్వు రోజూ చేసేది సినిమాలు చూడడమే అయితే నీ కొలత సరైనదే.

నాకు ఈ పిచ్చి పట్టింది 2018 అక్టోబరులో. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. ఎనిమిది గంటలు వస్తుందని నమ్మి కొన్న నా యంత్రం మూడో గంట నిండకుండానే కన్నుమూసింది. పక్కింటాయన పాత 14 అంగుళాలది మాత్రం సాయంత్రం దాకా నడిచింది. అప్పటినుంచి 15.6 అంగుళాల తెరలంటే నాకు గిట్టదు. అది నా పక్షపాతమే అనుకోండి.

అభ్యాసం. రెండు ల్యాప్‌టాప్‌లు, మూడు రాత్రులు, అదే గది. మొదటి రాత్రి టైపింగ్, రెండో రాత్రి వెబ్, మూడో రాత్రి ఇంటి వైఫై ఆపి ఫోను హాట్‌స్పాట్ మీద వెబ్. కరెంటు పోతే రౌటర్ కూడా పోతుంది కదా, ఆ రోజుకు పనికొచ్చే కొలత ఇదే. ఒక్కొక్కటి రెండు గంటలు, మొత్తం ఆరు కొలతలు. రెండో ల్యాప్‌టాప్ లేనివాళ్లు అరువు తెచ్చుకోండి. నాకు పంపేటప్పుడు లక్స్ అంకె, రెండు నివేదికల్లోని నిల్వలు, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ రాయండి. శాతాలు రాసి పంపినవి తెరవను.