స్టుట్‌గార్ట్ బాలేను ఎక్కడ మొదలుపెట్టి తెలుసుకోవాలి

జర్మనీలోని స్టుట్‌గార్ట్ బాలే సంస్థ గురించి తెలుసుకోదలచినవారు దాని చరిత్రను మొదటి నుంచి వరుసగా చదవనక్కరలేదు. నృత్యదర్శకుడు జాన్ క్రాంకో 1965లో అక్కడ రూపొందించిన ‘ఒనేగిన్’ను ముందుగా చూడండి. ఆ సంస్థ ప్రపంచానికి ఇచ్చినదేమిటో ఆ ఒక్క నృత్యరూపకంలోనే కనిపిస్తుందని నా నమ్మకం.

చూసే ముందు, దానికి ఆధారమైన రష్యన్ కవి పుష్కిన్ కావ్యకథను క్లుప్తంగానైనా చదువుకోవాలి. మొదటిసారి చూస్తున్నప్పుడు నర్తకుల పాదాల నైపుణ్యాన్ని పక్కనపెట్టి, రెండు జంట నృత్యాలలో శరీరపు బరువు ఎలా మారుతుందో గమనించండి. మొదటి అంకంలో ప్రేమలేఖ రాస్తూ కలగన్న కథానాయిక తత్యానా ఎదుట అద్దంలోంచి ఒనేగిన్ వస్తాడు. అతని చేతుల మీద ఆమె బరువే లేనట్టు పైకి లేస్తుంది. రెండో అంకంలో అతడు ఆ లేఖను చింపేస్తాడు. చివరి అంకంలో అతడే మోకరిల్లి వేడుకుంటాడు. ఇప్పుడు ఆమె శరీరం అతని వైపు ఒరుగుతూనే వెనక్కి లాక్కుంటుంది, చివరకు అతని లేఖను తానే చింపుతుంది. మాట లేకుండా ఇంత కథను చెప్పగలగడమే క్రాంకో ప్రతిభ. రెండోసారి సంగీతాన్ని వినండి: అది రష్యన్ సంగీతకర్త చైకోవ్‌స్కీదే అయినా, అదే కథతో ఆయన రాసిన ఒపేరాలోనిది కాదు, ఆయన ఇతర రచనల నుంచి కుర్ట్-హైన్జ్ స్టోల్జె కూర్చినది.

ఆ తరువాత చరిత్రలోకి వెళ్లవచ్చు. నృత్యం కథను, భావాన్ని పలికించాలని వాదించిన ఫ్రెంచ్ నృత్యదర్శకుడు నొవేర్ 1760లలో ఈ నగరంలోనే పనిచేశారు. దక్షిణాఫ్రికాలో పుట్టి, లండన్‌లో నృత్యదర్శకుడిగా ఎదిగిన క్రాంకో 1961లో సంస్థ బాధ్యత చేపట్టారు; 1969 న్యూయార్క్ ప్రదర్శనలతో దానికి అంతర్జాతీయ కీర్తి వచ్చింది. తన నర్తకులపై ఆయనకు ఎంత ప్రేమంటే, 1972లో ఒక నృత్యరచనకు రిచర్డ్ క్రాగన్, బిర్గిట్ కైల్, మార్సియా హైదే, ఎగాన్ మాడ్సెన్‌ల తొలి అక్షరాలనే పేరుగా పెట్టారు. మరుసటి ఏడాది అమెరికా యాత్ర నుంచి తిరిగి వస్తూ, 45 ఏళ్ల వయసులో, విమానంలోనే మరణించారు.

వారసత్వాన్ని మాత్రం స్టుట్‌గార్ట్ బయట వెతకాలి. అక్కడ నర్తకులుగా ఉంటూ తొలి నృత్యరచనలు చేసిన జాన్ నోయ్‌మయర్ హాంబుర్గ్‌కు, యిర్జీ కిలియాన్ నెదర్లాండ్స్‌కు, విలియం ఫోర్సైత్ ఫ్రాంక్‌ఫర్ట్‌కు వెళ్లారు. ఇదే వరుసలో ఒక్కొక్కరి నృత్యరచన చూడండి. ఫోర్సైత్ దగ్గరకు వచ్చేసరికి పట్టుకోవడానికి కథ దొరకదు. ‘ఒనేగిన్’లో బరువును గమనించిన అలవాటే అక్కడ మీకు దారి చూపుతుంది.