పునరుత్పత్తిని చూపి చేసే ఇంటెలిజెంట్ డిజైన్ వాదాన్ని పరీక్షించడం ఎలా?

జీవులను తెలివైన రూపకర్త ఎవరో కావాలని రూపొందించారన్నదే ఇంటెలిజెంట్ డిజైన్ వాదం, దానికి రుజువుగా కొందరు మానవ పునరుత్పత్తిని చూపుతారు. ఇటువంటి వాదం ఎదురైనప్పుడు వెంటనే తలూపకుండా, కొట్టిపారేయకుండా, ముందు దాన్ని విడగొట్టి కాగితం మీద రాసుకోవాలి. మనిషి పుట్టుక అద్భుతమన్నది ఒక మాట. అండం, శుక్రకణం, గర్భాశయం, మాయ (గర్భంలో బిడ్డకు పోషణ అందించే ప్లాసెంటా), హార్మోన్లలో ఏది లోపించినా బిడ్డ పుట్టదన్నది రెండో మాట. కాబట్టి అవన్నీ ఒక్కసారే రూపొంది ఉండాలన్నది మూడో మాట. మొదటిదాన్ని ఎవరూ కాదనరు, రెండోది నేటి మానవ శరీరం విషయంలో చాలావరకు నిజం. అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త మైకేల్ బిహీ 1996లో ప్రచారంలోకి తెచ్చిన వాదానికీ ఇదే ఆకృతి ఉంది. పరీక్షించవలసింది మూడో మాటనే.

ఆడ, మగ విడివిడిగా, యాదృచ్ఛికంగా ఒకే కాలంలో ఏర్పడి ఒకరికొకరు సరిపోవడం అసాధ్యమని ఎవరైనా అంటే, ఆ వర్ణన పరిణామ సిద్ధాంతానిది కాదని గుర్తించాలి. మారేది రెండు లింగాలూ కలిసి ఉన్న జనాభా. క్లామిడోమోనాస్ అనే నాచు జాతుల్లో చాలావాటిలో కలిసే రెండు బీజకణాలూ ఒకే పరిమాణంలో ఉంటాయి. దాని బంధువైన వోల్వాక్స్‌లో మాత్రం పెద్ద అండం, చిన్న శుక్రకణం వేరుపడ్డాయి. అంటే ఆడ, మగ తేడా అలాంటి జనాభాలోనే మెల్లగా రాగలదు.

తరువాత, నడుమ దశలు నిజంగా బతకగలవా అని జంతువుల్లో వెదకాలి. ఈ పనికి దూరం వెళ్లనక్కరలేదు. నాగుపాము గుడ్లు పెడుతుంది, మన పొలాల్లోనే తిరిగే రక్తపింజర పిల్లలను కంటుంది. సొరచేపల్లోనైతే గుడ్లు పెట్టేవి, గుడ్లను కడుపులోనే పొదిగేవి, పచ్చసొన సంచి తల్లి గర్భాశయానికి అతుక్కుని మాయలా పోషణ అందించేవి, మూడు రకాలూ నేటికీ ఉన్నాయి. ఇవి మనకు పూర్వీకులు కావు. అయితే సగం దారిలో ఉన్న ఏర్పాటుతో జీవి బతకదన్న మాటను తోసిపుచ్చడానికి ఇవి చాలు.

అన్నిటికంటే బలమైన పరీక్ష, ఒక్కో భాగం అంతకుముందు ఏ పనిలో ఉండేదని అడగడం. మాయలో తల్లి రక్తాన్ని తాకే పొరలో కణాలకు మధ్య గోడలుండవు, అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. అలా కలపడంలో ముఖ్య పాత్ర వహించే సిన్సిటిన్ అనే ప్రోటీన్ జన్యువు, ఒకప్పుడు మన పూర్వీకుల డీఎన్ఏలో చేరిన రెట్రోవైరస్‌ది (తన జన్యువులను ఆతిథేయ జీవి డీఎన్ఏలో చొప్పించే రకం వైరస్). వైరస్‌కు అది ఆతిథేయ కణంలోకి దూరే సాధనం. ఎలుకల మాయలో ఇదే పనికి వేరే వైరస్ జన్యువులు కుదిరాయి. ఇక మానవ పిండానికి సొన లేని సొన సంచి ఏర్పడుతుంది. కోడిలో సొన ప్రోటీన్ జన్యువు ఉన్న చోటికి సరిపడే స్థానంలోనే, మనిషి డీఎన్ఏలో దాని శిథిలాలు దొరికాయి. గుడ్లు పెట్టిన పూర్వీకుల నుంచి మిగిలిన గుర్తులివి.

అండాశయానికీ అండవాహికకూ నడుమ ఖాళీ ఉందనీ, గర్భం కొన్నిసార్లు నాళంలోనే నిలిచి తల్లి ప్రాణం మీదికి వస్తుందనీ చూపి “ఇదేం డిజైన్” అని ఎద్దేవా చేయడం నా దృష్టిలో బలహీనమైన జవాబు, ఎందుకంటే రూపకర్త ఉద్దేశం మనకు తెలియదని అవతలివారు సులువుగా తప్పించుకుంటారు. దానికి బదులు, ఏ ఆధారం కనబడితే తమ వాదం తప్పని ఒప్పుకుంటారో వారినే అడగాలి. ఏది కనబడినా రూపకర్త అలాగే చేసి ఉంటాడన్న సమాధానం వస్తే, చర్చ జీవశాస్త్రం దాటి విశ్వాసంలోకి వెళ్లినట్లే. ఇంటెలిజెంట్ డిజైన్‌ను విద్యార్థుల ముందుకు తేవడంపై అమెరికాలో పెన్సిల్వేనియాలోని డోవర్ పాఠశాలల్లో రేగిన వివాదంలో న్యాయమూర్తి జాన్ జోన్స్ 2005 డిసెంబరులో ఇంటెలిజెంట్ డిజైన్ విజ్ఞానశాస్త్రం కాదని తీర్పు చెప్పారే తప్ప, దేవుడు ఉన్నాడా లేడా అన్న ప్రశ్నను తేల్చలేదు.