అడవి జాడలు – నాలుగో పాఠం: గోళ్లు కనబడనంత మాత్రాన చిరుత కాదు

పిల్లిజాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటాయని గత పాఠంలో చెప్పుకొన్నాక, పాఠకులు పంపిన పాదముద్రల ఫొటోల్లో చాలావాటి కింద "చిరుతపులి" అనే రాసి ఉంది. విశాఖపట్నం పక్కనున్న, సుమారు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యంలో చిరుతలు ఉన్న మాట నిజమే కనుక, దాని అంచున ఇళ్లున్నవారి భయాన్ని కొట్టిపారేయలేం. అయినా వచ్చిన ఫొటోల్లో దాదాపు అన్నీ ఊరకుక్కల జాడలే. అందుచేత కణుజు, మొరిగే జింకల గిట్టల పాఠాన్ని వాయిదా వేస్తున్నాను.

ఎండకు గట్టిపడిన ఎర్రమట్టి మీద కుక్క గోళ్లు అసలు పడకపోవచ్చు. వానకు జారుడుగా మారిన వాలు మీద, పట్టుకోసం చిరుత కూడా గోళ్లు చాపవచ్చు. కాబట్టి గోళ్లను చివర చూడండి, ముందు మడమ మెత్తను, అంటే వేళ్ల వెనుక ఉండే పెద్ద మెత్తను చూడండి. చిరుత మడమ మెత్త వేళ్లతో పోలిస్తే చాలా పెద్దది. దాని వెనుక అంచు మూడు గుండ్రని పాయలుగా కనిపిస్తుంది. కుక్క మెత్త చిన్నది, ముందువైపు సన్నబడి త్రికోణంలా ఉంటుంది. కుక్క జాడలో వేళ్లకూ మడమకూ మధ్య ఖాళీలో ఇంటూ గుర్తు గీయవచ్చు. చిరుత జాడలో అదే గుర్తు గీస్తే గీతలు మడమ మెత్తను కోసుకుంటూ పోతాయి. వేళ్ల వరస కూడా చూడాలి: కుక్కకు నడిమి వేళ్లు రెండూ సమంగా ఉంటాయి, చిరుతకు మన చేతి నడిమివేలిలాగా ఒకటి ముందుకు పొడుచుకు వస్తుంది. అది ఎడమవైపుకు ఉంటే కుడికాలు, కుడివైపుకు ఉంటే ఎడమకాలు. పెద్ద కుక్క జాడ చిరుత జాడంత ఉండగలదు కనుక, కొలత ఒక్కటే ఏదీ తేల్చదు.

ఇది ఏ జంతువో చెప్పడం వరకే. ఏ చిరుతో చెప్పమని అడగకండి. 1966లో అటవీ అధికారి ఎస్.ఆర్. చౌధురి ప్రవేశపెట్టిన, ఒక్కో పులినీ దాని జాడతో గుర్తుపట్టే పాదముద్రల పద్ధతితో మన దేశంలో ఎన్నో ఏళ్లు పులులను లెక్కించారు. రాజస్థాన్‌లోని సరిస్కా పులుల అభయారణ్యంలో పులులు లేకుండా పోయిన సంగతి 2005లో బయటపడ్డాక ఆ పద్ధతిని పక్కనపెట్టి, జంతువు ఎదురుగా వస్తే తమంతట తామే ఫొటో తీసే కెమెరా ట్రాపుల వైపు మళ్లారు.

ఫొటోలో జాడ పక్కన రూపాయి నాణెం పెట్టవద్దు. వేర్వేరు ఏళ్లలో వచ్చిన నాణేలు వేర్వేరు సైజుల్లో ఉన్నాయి. పిల్లల జామెట్రీ పెట్టెలోని స్కేలు చాలు. ఫొటో కంటే పెన్సిలు బొమ్మే నాకు ఇష్టం, ఎందుకంటే గీసేటప్పుడు చూడక తప్పదు.

అభ్యాసానికి కొండ ఎక్కనక్కరలేదు, అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్లనూ కూడదు. తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో అల తాకి వెళ్లిన తడి ఇసుక మీద కుక్కల జాడలు 40 గీయండి. ముందుకాలు, వెనుకకాలు వేర్వేరుగా గుర్తించండి. తరువాత పెరట్లో జల్లించిన మట్టి పరచి, ఇంటి పిల్లిని దాని మీదుగా నడిపించి ఐదు జాడలు గీయండి. ప్రతి బొమ్మ మీద ఇంటూ గుర్తు వేసి, అది మడమ మెత్తను కోసిందో లేదో పక్కన రాయండి.