ఏళ్ల తరబడి మాగిన హవానా సిగార్: కాల్చే తీరు, రుచి పట్టే తీరు

పదిహేనేళ్లు పెట్టెలో మాగిన సిగార్ చేతికొస్తే చాలామంది అందులో ఘాటు కోసం చూస్తారు. చూడాల్సింది అది కాదు. వయసు సిగార్‌లో కలిపేది తక్కువ, తీసేసేది ఎక్కువ. ముందు అమోనియా వాసన పోతుంది. తర్వాత నాలుక అంచుల్ని పట్టేసే వగరు సన్నగిల్లుతుంది. ఆఖరికి ముక్కులో మిరియంలా గుచ్చే కారం కూడా మెత్తబడుతుంది. ఇవన్నీ తప్పుకున్నాకే అడుగున దాగిన తీపి, కొయ్య వాసన, వేయించిన గింజల కమ్మదనం పైకొస్తాయి. అవి నెమ్మదైన రుచులు. తొందరపడి దమ్ము లాగినా, తేమ ఎక్కువగా ఉన్నప్పుడు అంటించినా, మంట ఎక్కువైనా అన్నిటికంటే ముందు పోయేవి అవే.

మొదట వయసు ఎంతో నిర్ధారించుకోవాలి. క్యూబా సిగార్ అయితే పెట్టెను బోర్లించి అడుగు చూడండి. 2000 తర్వాతి పెట్టెల మీద మూడక్షరాల స్పానిష్ నెల పేరు, రెండంకెల సంవత్సరం ముద్ర ఉంటాయి. ‘ఎనే 08’ (ENE 08) అంటే 2008 జనవరి, ‘అగో’ (AGO) ఆగస్టు, ‘దిక్’ (DIC) డిసెంబర్. అది సిగార్లను పెట్టెలో సర్దిన నెల. అంతకుముందు పెట్టెల మీద గుప్త సంకేతాలు ఉండేవి. 1985 నుంచి పదేళ్లకు పైగా ‘నివెలాకూసో’ (NIVELACUSO) అన్న పది ఇంగ్లిష్ అక్షరాల మాట తాళంచెవిగా నడిచింది. అందులో మొదటి అక్షరం 1, రెండోది 2, అలా చివరి ఓ సున్న. పాత పెట్టె కొంటుంటే ఇంకో రెండు ముద్రలు చూడాలి. పూర్తిగా చేత్తో చుట్టినది అని చెప్పే ‘తోతాల్‌మెంతె ఆ మానో’ 1989లో వచ్చింది. క్యూబా సిగార్లు అమ్మే సంస్థ ‘హబానోస్ ఎస్.ఎ.’ పేరు 1994లో వచ్చింది, అంతకుముందు ‘కుబాటబాకో’ ఉండేది. 1990 నాటి పెట్టె అని చెబుతూ అడుగున హబానోస్ ముద్ర ఉన్నది చూపిస్తే అక్కడే వదిలేయండి. గాజు మూత ఉన్న కొహీబా బ్రాండ్ పెట్టెలు కూడా అంతే, అవి నకిలీవి.

‘ఏజ్డ్’ అన్న మాటతో జాగ్రత్త. ఆకును మాగబెట్టి సిగార్ చుట్టడం ఒకటి, చుట్టిన సిగార్‌ను పెట్టెలో మాగబెట్టడం మరొకటి. క్యూబా వాళ్ల ‘రెసెర్వా’లో ఆకు కనీసం 3 ఏళ్లు, ‘గ్రాన్ రెసెర్వా’లో కనీసం 5 ఏళ్లు మాగుతుంది. ‘అన్యెహాదోస్’ అని పట్టీ ఉంటే చుట్టాక పెట్టెలోనే కనీసం 5 ఏళ్లు మాగిందని అర్థం. నికరాగువా సిగార్లలో పద్రోన్ 1964 యానివర్సరీకి 4 ఏళ్లు, 1926 సిరీస్‌కు 5 ఏళ్లు మాగిన ఆకు వాడతారు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు క్యూబా సరుకు చట్టప్రకారం దొరకదు కాబట్టి దగ్గరి దారి ఇవే.

మాగబెట్టడం మనకు కొత్త సంగతి కాదు. గోదావరి లంకల్లో పండే చుట్ట పొగాకును కూడా ఎండబెట్టి, మండె వేసి మాగబెడతారు. క్యూబాలో పినార్ దెల్ రియో ప్రాంతంలోని వుయెల్తా అబాహోలో జరిగేదీ అదే పని, కాకపోతే ఆకును బట్టి కాలం మారుతుంది. మొక్క కింది ఆకు వొలాదో, బాగా మండుతుంది. నడిమిది సెకో, వాసననిస్తుంది. పైది లిహేరో, దాంట్లోనే బలమంతా ఉంటుంది, దాన్ని కనీసం రెండేళ్లు మాగబెడతారు. లిహేరో ఎక్కువ కలిసిన సిగార్లే పెట్టెలో దీర్ఘకాలం నిలుస్తాయి. పార్తగాస్, బొలీవర్, రమోన్ అయోనెస్ వంటి క్యూబా బ్రాండ్లు పదిహేను, ఇరవై ఏళ్లయినా మాట్లాడతాయి. తేలికపాటి ఆకుల మిశ్రమంతో చుట్టినవి పదేళ్లు దాటితే చాలాసార్లు గడ్డి వాసన తప్ప మిగలదు. పాతదైతే చాలు గొప్పదే అనుకుని తేలిక సిగార్‌కు పెద్ద ధర పెట్టడం డబ్బు దండగ.

ఇక నిల్వ. ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. రోజువారీ కాల్చుకునే సిగార్లకు 65 నుంచి 69 శాతం తేమ సరిపోతుంది. ఏళ్ల తరబడి ఉంచేవాటికి 62 నుంచి 65 శాతం, 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం మేలు. హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండల్లో గదిలో తేమ ఉండదు, సిగార్ బయట చుట్టిన పైఆకు గాజుపెంకులా పగులుతుంది. విశాఖ, కాకినాడ తీరంలో కథ తిరగబడుతుంది, అక్కడ భయం బూజుది. రెండుచోట్లా ఉష్ణోగ్రత పట్టి ఉంచే చిన్న వైన్ కూలర్‌లో గాలి చొరని డబ్బా, అందులో 65 శాతం తేమ ప్యాకెట్ పెట్టుకోవడం సిగార్లు దాచే చెక్క పెట్టె (హ్యుమిడార్) కన్నా నమ్మకమైన పద్ధతి. మామూలు ఫ్రిజ్ వద్దు. అది తేమను లాగేస్తుంది, పైగా సిగార్‌కు సాంబారు వాసన పడుతుంది.

తేమ కొలిచే మీటర్‌ను గుడ్డిగా నమ్మకూడదు. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా చుక్కచుక్కగా నీళ్లు వేయండి. ఉప్పు కరిగిపోకూడదు. దాన్నీ మీటర్‌నూ ఒకే జిప్ కవర్‌లో పెట్టి 12 గంటలు కదపకుండా ఉంచితే 75 చూపించాలి. 71 చూపిస్తే మీ మీటర్ 4 తక్కువ చెబుతోందన్నమాట. అంత తేడా తెలియకపోతే మీరు 65 అనుకుంటున్నది నిజానికి 69, పదేళ్లలో అది చిన్న తేడా కాదు.

పెట్టెలకు వాడే స్పానిష్ సెడార్ పేరుకు సెడార్ గానీ అసలు దేవదారు జాతి కాదు. మన వేప, మహాగని చెట్ల కుటుంబం దానిది. ఆ చెక్క వాసన పురుగును కొంత దూరంగా ఉంచుతుంది, పూర్తిగా ఆపదు. పొగాకు పురుగు గుడ్లు ఆకులోనే ఉండి, వేడి 24, 25 డిగ్రీలు దాటితే పగులుతాయి. పైఆకు మీద గుండుసూది గుచ్చినట్టు గుండ్రటి రంధ్రం, కింద సన్నని పొడి కనిపిస్తే ఆ పెట్టె మొత్తాన్ని వేరు చేయాలి. రెండు జిప్ కవర్లలో గాలి తీసేసి ఒక రోజు ఫ్రిజ్‌లో, 3 నుంచి 4 రోజులు డీప్ ఫ్రీజర్‌లో, మళ్లీ ఒక రోజు ఫ్రిజ్‌లో, ఆపైన ఒక రోజు బయట ఉంచండి. కవర్ మధ్యలో విప్పితే చల్లటి ఆకు మీద నీరు పట్టి పైఆకు చీలుతుంది. తెల్లటి పొడి కనిపిస్తే అది మాగిన గుర్తని అమ్మేవాళ్లు మురిపిస్తారు. దాన్ని బూజుగానే లెక్కించండి. పైఆకు మీద మాత్రమే ఉంటే తుడిచి వేరుగా ఉంచొచ్చు, అంటించే కొసలో లోపలి ఆకుల మధ్య కనిపిస్తే ఆ సిగార్ పారేయాల్సిందే.

ఎండిపోయిన పాత సిగార్ దొరికితే ఒక్కసారిగా తేమ ఎక్కించకండి. లోపలి ఆకు ఉబ్బి పైఆకు నిలువునా విచ్చుకుంటుంది. 58 శాతంలో మొదలుపెట్టి రెండు, మూడు వారాలకోసారి కాస్త కాస్త పెంచుతూ 65కు రావాలి. ఎండినప్పుడు పోయిన నూనెలు మాత్రం తిరిగి రావు. కొరియర్‌లో వచ్చిన సిగార్‌ను కనీసం రెండు వారాలు కుదురుకోనివ్వండి.

కాల్చే రోజు పార్తగాస్ సెరీ డి నంబర్ 4 తీసుకుందాం. పొడవు 124 మిల్లీమీటర్లు, లావు 50 రింగ్. రింగ్ అంటే అంగుళంలో 64వ వంతు, కాబట్టి ఇది దాదాపు 20 మిల్లీమీటర్లు. వేళ్ల మధ్య సున్నితంగా నొక్కితే కాస్త దిగి మళ్లీ లేవాలి. చిటపటమంటే ఎండింది. స్పాంజిలా ఉంటే తేమ ఎక్కువైంది, తేమ ప్యాకెట్ లేని చెక్క పెట్టెలో ఒకటి రెండు రోజులు ఉంచాలి. వానాకాలంలో ఆ పని చేయకండి, గదిలోని తేమే ఎక్కుతుంది.

నోట పెట్టుకునే కొసన చిన్న ఆకు ముక్కలతో అతికించిన టోపీ ఉంటుంది. దగ్గరగా చూస్తే అంచు చుట్టూ సన్నటి గీతలు కనిపిస్తాయి. గుండ్రటి భుజం మొదలయ్యే చోటికి పైనే, కొసనుంచి 2 మిల్లీమీటర్లు మించకుండా, ఒక్క వేటుతో కోయండి. ఆ గీత దాటి కిందికి కోస్తే పైఆకు దారపుండలా విడిపోతుంది. పాత ఆకు పెళుసు కాబట్టి కట్టర్ కొత్తగా పదునుగా ఉండాలి.

అంటించకముందు ఒకటి రెండుసార్లు లాగి చూడండి. ఈ చల్లటి దమ్ములోనే సగం సంగతి తెలుస్తుంది. బాగా మాగినదైతే ఎండు ద్రాక్ష, చెక్క పెట్టె, ఎండుగడ్డి వాసన వస్తుంది. అమోనియా తగిలితే అది ఇంకా మాగలేదు, పెట్టెలో పెట్టేయండి. గాలి బిగదీసినట్టు ఉంటే వేళ్లతో మెల్లగా పొడవునా ఒత్తి చూడాలి, గట్టి ముడి దొరికితే అక్కడ సన్నటి సూదితో దారి చేయాలి.

మంటను ఆకుకు తగలనివ్వకండి. కొసను మంటకు ఒక వేలెడు పైన పట్టుకుని తిప్పుతూ, అంచు చుట్టూ నల్లబడి మధ్యలో నారింజ రంగు పాకేదాకా కాచండి. అప్పుడే నోట పెట్టి రెండు మూడు చిన్న దమ్ములు లాగాలి. అగ్గిపుల్ల అయితే గంధకం పూర్తిగా కాలాక వాడాలి. పెట్రోల్ లైటర్ వాసన మొదటి పావుగంట పోదు. కొస మీద మెల్లగా ఊదితే ఎక్కడ ఎర్రబడలేదో కనిపిస్తుంది. ఆ చోటుకే మంట చూపించండి. ఈ రెండు నిమిషాలు తొందరపడితే తర్వాత ఒకపక్క పరుగెత్తే మంటతో గంటసేపు పోట్లాడాల్సి వస్తుంది.

ఆ తర్వాత నిమిషానికి ఒక దమ్ము, పాత సిగార్‌కైతే ఇంకా కాస్త ఆగినా పర్లేదు. రోబస్టోకు, అంటే ఈ సైజు సిగార్‌కు, 50 నిమిషాల నుంచి గంట పడుతుంది. అరగంటలో అయిపోతే మీరు తిన్నది వేడి పొగ మాత్రమే. పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చకూడదు. నోట్లో నింపి, నాలుక మీద తిప్పి, ఎక్కువ భాగం బయటికి వదిలి, మిగిలిన కొంచెం పొగను ముక్కులోంచి మెల్లగా పంపండి. నాలుక తీపి, చేదు, పులుపు, ఉప్పు వంటి కొన్ని రుచులే చెబుతుంది, మిగతాదంతా ముక్కు చెబుతుంది. కొత్త సిగార్‌లో ఇలా చేస్తే కన్నీళ్లొస్తాయి. మాగినదాంట్లో శొంఠి కాఫీ ఆవిరిలా పోతుంది, దాని వెనక తేనె వాసన వస్తుంది.

రుచిని మూడు భాగాలుగా గమనించాలి. మొదటి మూడోవంతులో ఎండుగడ్డి, సెడార్ చెక్క, వేయించిన జీడిపప్పు. నడుమ తోలు, కోకో, చక్కెర లేని డికాషన్, తాటిబెల్లం. ఆఖరున తొలకరికి తడిసిన మట్టి, మిరియం, కొద్దిపాటి జాజికాయ. పెట్టెను బట్టి ఇవి మారతాయి గానీ క్రమం తరచూ ఇదే, ఎందుకంటే పొగ కాలని ఆకులోంచి వస్తూ తన నూనెల్ని నోటి వైపు పేరుస్తుంది, చివరికొచ్చేకొద్దీ ఆ పేరుకున్నదంతా కాలుతుంది. పేర్లు వెతుక్కోవడానికి స్పానిష్ పుస్తకం అక్కర్లేదు. మన పోపులపెట్టె, కిరాణా కొట్టు, పాత తోలు చెప్పుల వాసన చాలు. ఏ దమ్ములో ఏది వచ్చిందో ఒక్క మాటలో రాసుకోండి. తర్వాత గుర్తుండదు.

నుసిని మాటిమాటికీ రాల్చకండి. రెండు, మూడు సెంటీమీటర్లు నిలవనిస్తే అది నిప్పును చల్లగా ఉంచుతుంది. బూడిద రంగు పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చిన నాణేల్లా కనిపిస్తే లోపల పొడవాటి ఆకులే ఉన్నాయని గుర్తు. ఒకపక్క వెనకబడితే ఆ పక్కను కిందికి తిప్పి పట్టుకోండి, నిప్పు పైకెక్కి అందుకుంటుంది. మధ్యలో గుంట పడుతుంటే చాలాసార్లు పైఆకు తడిగా ఉందని అర్థం. చేదు ముదిరితే నోట్లోంచి తీసి, దాంట్లోంచి బయటికి మెల్లగా ఊది పేరుకున్న పొగ వదిలించండి. కొసన తారు జిగట చేరితే ఇంకో మిల్లీమీటర్ కోయొచ్చు. ఆరిపోతే నుసి రాల్చి, ఊది, మళ్లీ కాచి అంటించాలి. ఆరి గంట దాటాక మాత్రం ప్రయత్నించకండి.

పక్కన మంచినీళ్లు ఉండాలి. చక్కెర లేని కాఫీ లేదా మసాలా లేని తేలిక టీ సరిపోతుంది. పొగవాసన గట్టిగా కొట్టే పీట్ విస్కీ వద్దు, అది పాత సిగార్‌ను మింగేస్తుంది. ఖాళీ కడుపుతో అసలు వద్దు. పెద్ద సిగార్ ఒక్కదాంట్లో ఒక ప్యాకెట్ సిగరెట్లంత పొగాకు ఉండొచ్చు, నికోటిన్ ఎక్కితే చెమట, వికారం, కళ్లు తిరగడం మొదలవుతాయి. అప్పుడు ఆపేసి బెల్లం ముక్కో, చక్కెర నీళ్లో తీసుకోవాలి. మాగినంత మాత్రాన పొగలో విషం తగ్గదు. నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ భయం పొగ పీల్చకపోయినా ఉంటుంది. ఉత్తరాంధ్రలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని, తాగే ఆడవాళ్ల అంగిలికి ఏమవుతుందో వైద్యులకు బాగా తెలుసు. ఎప్పుడో ఒకసారి, బహిరంగ ప్రదేశం కాని చోట, పిల్లలూ గర్భిణులూ లేని చోట కాల్చేది ఇది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అమ్మడం నేరం.

మూడు సెంటీమీటర్లు మిగిలాక వేళ్లు కాలుతుంటే ఆపేయండి. సిగరెట్‌లా నలిపేస్తే గదంతా కంపు. యాష్‌ట్రేలో వదిలేస్తే అదే ఆరిపోతుంది. పెట్టె అడుగు ముద్ర, కాల్చిన తేదీ, ఆనాటి తేమ మీరు రాసుకున్న రుచుల పక్కన వేయండి. రుచి ఇంకా వగరుగా ఉంటే మిగతావి రెండేళ్లు కదపకండి. మెత్తగా, తీపిగా, కాస్త పల్చగా అనిపిస్తే ఆ పెట్టె తన శిఖరాన ఉంది, ఇంక దాచవద్దు.